కాంటా మీద మాట

2025లో సంక్రాంతి నాడు నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైంది. ఆ తర్వాత కొన్ని వారాలకు నేనొక వెబ్ పత్రికకు పసుపు రైతుల మీద చిన్న వ్యాసం రాసిచ్చాను. మాది ఆర్మూర్. పక్క ఊళ్లో ఉండే మా పెద్దబాపు ఇప్పటికీ రెండెకరాలు పసుపు వేస్తాడు. కాబట్టి మాట్లాడించడానికి రైతును వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. ఆయన మాటలు మూడు చోట్ల కొటేషన్లలో పెట్టుకున్నాను. వ్యాసం వచ్చాక ఊరికి పోయినప్పుడు, ఫోన్‌లో తెరిచి ఆయనకు చదివి వినిపించాను. అరుగు మీద కూర్చుని, తల కిందికేసి, శ్రద్ధగా విన్నాడు. అయిపోయాక అన్నాడు:

"మంచిగున్నది బిడ్డా. ఇది ఎవలు చెప్పిన్రు?"

"నువ్వే కదా పెద్దబాపు."

"నేనా?" అని నవ్వి, లోపలికి చూసి పెద్దమ్మను ఛాయ్ పెట్టమన్నాడు. అంతే. ఆయన నొచ్చుకోలేదు, నన్నేమీ అనలేదు. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. కొటేషన్ గుర్తులు పెట్టడమంటే ఇది ఫలానా మనిషి అన్న మాట అని సాక్ష్యం చెప్పడం. ఆ మనిషే దాన్ని గుర్తుపట్టకపోతే, నేను చెప్పింది దొంగసాక్ష్యం అవుతుందా?

హైదరాబాద్ వచ్చాక పాత రికార్డింగ్ తీసి విన్నాను. ఆయన అన్నది ఇది: "తొమ్మిది నెలలు సాదినం బిడ్డా. కాంటా మీద వెట్టంగనే ఎవలిదో అయితది." నేను రాసింది ఇది: "తొమ్మిది నెలలు కన్నబిడ్డలా పెంచుతాం. తీరా మార్కెట్‌కు తీసుకువెళ్తే గిట్టుబాటు ధర లభించడం లేదు."

మొదట ఇది యాసను సరిదిద్దడమే అనుకున్నాను. 'వెట్టంగనే'ను 'పెట్టగానే' చేయడం లాంటిది. రెండు మూడుసార్లు పక్కపక్కన పెట్టి చదివితే అర్థమైంది, నేను చేసింది అది కాదు. ఆయన ధర గురించి మాట్లాడలేదు. తన చేతి పంట తనది కాకుండా పోయే ఒక క్షణం గురించి మాట్లాడాడు. మార్కెట్ యార్డులో బస్తా కాంటా ఎక్కుతుంది, అడ్తిదారు అంకె చెప్తాడు, ఆ పసుపు ఇంక ఖరీదుదారుది. 'కన్నబిడ్డలా' అన్నది కూడా నా సొంత కవిత్వమే. ఆయన అన్న మాట 'సాదుడు'. మా దగ్గర పిల్లల్ని సాదుతారు, బర్రెను సాదుతారు, తల్లిదండ్రి లేని చుట్టాల పిల్లను ఇంట్లో తెచ్చి సాదుకుంటారు. తనకు పుట్టిందా లేదా అన్నదానితో సంబంధం లేకుండా, తిండిపెట్టి పెద్ద చేసే పని అది. సాదినదాని మీద ప్రేమ ఉంటుంది, హక్కు మాత్రం ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఆయన రెండో వాక్యం ఆ మాటలోంచే పుట్టింది. నేను మొదటి మాట మార్చాను కాబట్టి రెండో వాక్యానికి నిలబడే చోటు లేకుండా పోయింది. ఖాళీ అయిన చోట పేపర్లలో రోజూ కనిపించే 'గిట్టుబాటు ధర' వచ్చి కూర్చుంది.

అయితే తప్పు ప్రామాణిక భాషదా, నాదా? ఇక్కడ నిజాయితీగా ఉండాలి. "కాంటా మీద పెట్టగానే అది ఇంకెవరిదో అయిపోతుంది" అని పుస్తకాల తెలుగులో శుభ్రంగా రాయొచ్చు. భావం పెద్దగా చెడదు. 'సాదడం' కూడా నిఘంటువుల్లో ఉన్న మాటే. అంటే ఆ తెలుగుకు చేతకాక కాదు, నేను వినకపోవడం వల్ల పోయింది. కానీ ఎందుకు వినలేదని అడిగితే, మళ్లీ యాస దగ్గరికే రావాలి. ఆయన మాట చెవిన పడగానే నా బుర్ర దాన్ని 'సరిచేయాల్సిన సరుకు'గా తీసుకుంది. సరిచేసే తొందరలో ఉన్నవాడికి ఎదుటి మనిషి ఆలోచిస్తున్నాడన్న సంగతి తట్టదు. అదే వాక్యాన్ని ఒక ప్రొఫెసర్ అని ఉంటే, ఆ 'ఎవరిదో' దగ్గర తప్పకుండా ఆగేవాణ్ని.

ఇది తెలుగు ఒక్కదానికే ఉన్న గొడవ కాదని నాకు తెలిసింది పుస్తకాల్లోంచి కాదు, మా చిన్నబాపు కొడుకు వల్ల. మా వైపు చాలా ఇళ్లలాగే వాళ్లింట్లోంచీ ఒకడు గల్ఫ్ పోయాడు. షార్జాలో ఐదేళ్లున్నాడు. గదిలో ఆరుగురు. వాళ్లలో ఇద్దరు పాకిస్తాన్ వాళ్లు, ఒకాయనది గుజ్రాన్‌వాలా, ఇంకొకాయనది ముల్తాన్. వాళ్లిద్దరూ తమలో తాము మాట్లాడుకుంటే మావాడికి ఒక్కతీరుగానే వినపడేదట. ఒకరోజు "మీ ఇద్దరిదీ పంజాబీయేనా?" అని హిందీలో అడిగితే, గుజ్రాన్‌వాలా ఆయన అవునన్నాడు. ముల్తాన్ ఆయన కాదన్నాడు. "నాది సరాయికీ." మొదటాయన నవ్వి, "అదీ పంజాబీయే, కొంచెం వంకర" అన్నాడట. ఆ మాటకు ముల్తాన్ ఆయన చిన్నబుచ్చుకుని, మావాణ్నీ, గదిలోనే ఉన్న రాజమండ్రి ఆయన్నీ చూపించి, "మరి మీ ఇద్దరిదీ?" అని అడిగాడు. రాజమండ్రి ఆయన ఏ దురుద్దేశం లేకుండా, "మాది ఒకటే భాషండీ, కాకపోతే ఇతను సరిగ్గా మాట్లాడడు" అన్నాడు. ముల్తాన్ ఆయన లేచొచ్చి మా తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడట. ఈ కథ చెప్పినప్పుడల్లా మావాడు పడీపడీ నవ్వుతాడు. నేనూ నవ్వేవాణ్ని. పెద్దబాపు ప్రశ్న తర్వాత అంత నవ్వు రావట్లేదు.

ఆ ముల్తాన్ ఆయన కోసమే పంజాబీ గురించి కొంచెం చదివాను. లాహోర్, అమృత్‌సర్‌ల చుట్టూ ఉండే ప్రాంతం మాఝా. అక్కడి మాఝీని రెండు దేశాల్లోనూ పంజాబీకి ప్రామాణిక రూపంగా చూస్తారు. 1947లో సరిహద్దు గీత ఆ మాఝా నడుమ నుంచే పోయింది. అప్పటి నుంచి ఒకే మాట ఇటు గురుముఖి లిపిలో, అటు షాముఖి లిపిలో అచ్చవుతోంది. బియాస్, సట్లెజ్ నదుల మధ్య జలంధర్, హోషియార్‌పూర్ వైపు దోఆబీ. సట్లెజ్‌కు దక్షిణాన లుధియానా, బఠిండా వైపు మల్వయీ. ఇంకా తూర్పున రోపర్, అంబాలా వైపు పుఆధీ. పాకిస్తాన్‌లో రావల్పిండి పీఠభూమి మీద పోఠోహారీ, పెషావర్, అబోటాబాద్‌లలో హింద్కో, దక్షిణాన ముల్తాన్, బహావల్‌పూర్, డేరా ఘాజీ ఖాన్‌లలో సరాయికీ.

ఈ జాబితాలో ఏది యాస, ఏది భాష? భారత భాషల సర్వే చేసిన గ్రియర్సన్ పడమటి మాటలన్నిటినీ పంజాబీ నుంచి విడదీసి, వాటిని 'లహందా' అన్న పేరు కింద చేర్చాడు. లహందా అంటే పడమర. ఆ మాటలు మాట్లాడేవాళ్లు తమ భాషను ఆ పేరుతో పిలుచుకోలేదు. నీకు నువ్వు పడమర ఎట్లా అవుతావు? అదే గ్రియర్సన్ డోగ్రీని పంజాబీ కిందనే రాశాడు. 2003లో 92వ రాజ్యాంగ సవరణ డోగ్రీని ఎనిమిదో షెడ్యూల్లో విడి భాషగా చేర్చింది. పాకిస్తాన్‌లో సరాయికీని 1981 జనాభా లెక్కల్లో మొదటిసారి వేరుగా లెక్కపెట్టారు. 2017 లెక్కల్లో పంజాబీ తమ భాష అన్నవాళ్లు సుమారు 39 శాతం, సరాయికీ అన్నవాళ్లు సుమారు 12 శాతం. ఆ పన్నెండు శాతం మంది నాలుక రాత్రికి రాత్రి మారలేదు. కాగితం మీద వాళ్లకొక గడి దొరికింది, అంతే.

ఇట్లా చూస్తే భాష, యాస అనే తేడా మాటల్లో కనిపెట్టే వస్తువు కాదనిపిస్తుంది. దోఆబీలో చాలా చోట్ల 'వ' పోయి 'బ' వస్తుంది. మా దగ్గర ఆ 'వ' మొత్తానికే ఎగిరిపోతుంది. 'వచ్చిండు' మాకు 'అచ్చిండు'. ధ్వనుల లెక్కలో రెండూ మామూలు మార్పులే. ఇందులో ఎవరు నవ్వాలి, ఎవరు నవ్వించుకోవాలి అన్నది ధ్వని చెప్పదు. మరి ఎవరు చెప్తారు?

నాకు దొరికిన జవాబు ఇది. ఇద్దరు మాట్లాడుకుంటున్నప్పుడు అర్థం చేయించే బరువు ఎవరి మీద పడుతుందో, వాళ్లది యాస అవుతుంది. షార్జా గదిలో రాజమండ్రి ఆయన తన మాట మార్చుకోవాల్సిన అవసరం ఎన్నడూ రాలేదు. మావాడే 'గట్ల'ను 'అలా' చేసుకున్నాడు, 'తొవ్వ'ను 'దారి' చేసుకున్నాడు. ఐదేళ్లలో ఆయనకు 'తొవ్వ' అంటే ఏమిటో తెలియకపోయినా ఏ నష్టమూ జరగలేదు. ఇది భాషాశాస్త్రం ప్రశ్న కాదు, న్యాయం ప్రశ్న. బరువు ఇద్దరూ మోయాల్సింది, ఒక్కడే మోస్తున్నాడు. పైగా మోస్తున్నవాడినే సరిగ్గా నడవవేంరా అంటున్నాం.

ఇదేమీ కొత్త ఫిర్యాదు కాదు. తెలంగాణ వాళ్లు ఎన్నో ఏళ్లుగా చెప్తున్నదే. గిడుగు రామమూర్తి గ్రాంథికం మీద పోరాడి జనం మాటను పుస్తకాల్లోకి తెచ్చారు. ఆయన ఉత్తరాంధ్ర మనిషి. సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు చేసిన మనిషి. అయినా ఆ పోరాటంలో గెలిచిన వ్యావహారికం చివరికి కోస్తా మధ్య జిల్లాల చదువుకున్నవాళ్ల వ్యావహారికం అయింది. సినిమాల్లో చాలాకాలం మా యాస విలన్లకూ, హాస్యగాళ్లకూ మిగిలింది. 2017లో 'ఫిదా' వచ్చి, బాన్సువాడ పిల్ల కథానాయికగా మా వైపు మాట మాట్లాడితే మా అమ్మ రెండుసార్లు చూసింది. "మనలెక్కనే మాట్లాడుతుంది" అని అందరికీ చెప్పింది. ఆగస్టు 29న గిడుగు పుట్టినరోజు తెలుగు భాషా దినోత్సవం. పదకొండు రోజులకు, సెప్టెంబర్ 9న, కాళోజీ పుట్టినరోజు తెలంగాణ భాషా దినోత్సవం. ఆ రెండు రోజుల మధ్య ఉన్న దూరంలోనే మా తరం పెరిగింది.

అయితే మరి మందు ఏమిటి? నా మొదటి ఆలోచన సులువైనది: పెద్దబాపు మాటల్ని ఉన్నవున్నట్టు అచ్చు వేస్తే సరి. 'వెట్టంగనే' అంటే 'వెట్టంగనే'. కానీ నా వ్యాసం మొత్తం పుస్తకాల తెలుగులో నడుస్తుంటే, మధ్యలో ఆయన ఒక్కడు మాత్రం యాసలో మాట్లాడితే ఏమవుతుంది? నేను కుర్చీలో కూర్చుని, ఆయన్ని కింద కూర్చోబెట్టినట్టు. ఆలోచన నాది, రంగు ఆయనది. ఇంకో సంగతి కూడా ఉంది. అదే వ్యాసంలో ఒక అధికారి మాటలు కూడా ఉన్నాయి. ఆయనా ఫోన్‌లో "చేస్తనమ్" అనే అన్నాడు. దాన్ని 'చేస్తున్నాం' అని రాయడానికి నాకు రెండో ఆలోచన రాలేదు. అందరి మాటనూ చెవితో రాస్తే అదొక పద్ధతి. రైతు మాటను చెవితో, ఆఫీసరు మాటను వ్యాకరణంతో రాస్తే అది పద్ధతి కాదు, వివక్ష.

పోనీ నేను కూడా మొత్తం మా యాసలోనే రాస్తే? ప్రయత్నించాను. ఒక పేజీ రాసేసరికి అది మా పెద్దబాపు భాషా కాదు, నాదీ కాదు. నేను బడిలో చదివింది పుస్తకాల తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు, హైదరాబాద్‌లో మాట్లాడేది అన్నీ కలిసినది. నేను రాయగలిగిన మాట ఇప్పుడు మీరు చదువుతున్న ఇదే, అతుకులతో సహా. అంతకంటే అచ్చమైనది నా దగ్గర ఉన్నట్టు నటిస్తే అది ఇంకో అబద్ధం.

ఇంకా ఇబ్బంది పెట్టే ప్రశ్న, ఆ 'మా యాస'లో 'మా' ఎవరు? ఇప్పుడు టీవీల్లో, పాటల్లో ఒక 'తెలంగాణ తెలుగు' తయారవుతోంది. అందులో 'ఒచ్చిండు' వినపడుతుంది కానీ మా 'అచ్చిండు' అంతగా వినపడదు. హైదరాబాద్‌లో ఒక స్నేహితురాలు, తనది నల్లగొండ, నా 'అచ్చిండు' విని, "ఏందిది, అచ్చులు హల్లులా?" అని నవ్వింది. ముల్తానీ, రియాస్తీ, డేరావాలీ అని సరాయికీలోనూ మళ్లీ తేడాలున్నాయి. ఒక మెట్టు ఎక్కినవాళ్లు కింది మెట్టు కడిగేసి రాలేదు. ఇంకా కిందికి చూస్తే, ఆర్మూర్ చుట్టుపక్కల తండాల నుంచి పసుపు తవ్వడానికి వచ్చే లంబాడీలది తెలుగే కాదు, గోర్ బోలీ. వాళ్లు మాతో మాట్లాడేటప్పుడు మా యాస నేర్చుకునే వస్తారు. వాళ్ల ముందు మేమే రాజమండ్రి. నేను పెరిగిన పద్దెనిమిదేళ్లలో గోర్ బోలీ మాటలు పది నేర్చుకోలేదు. తెలంగాణ భాషా దినోత్సవం ఎవరి పుట్టినరోజో ఆ కాళోజీ తల్లి కన్నడం మాట్లాడే ఇంటి నుంచి, తండ్రి మరాఠీ మాట్లాడే ఇంటి నుంచి వచ్చారు. 'మా' అన్న మాటకు గోడలు కట్టడం ఎంత కష్టమో ఆ ఒక్క సంగతి చాలు.

పసుపు మాట్లాడుకునేవాళ్ల దగ్గర దీనికో మంచి పోలిక దొరికింది. తెలుగు నేల మీద పాత పసుపు రకాలకు ఊళ్ల పేర్లే ఉంటాయి: దుగ్గిరాల, టేకూరుపేట, మైదుకూరు, ఆర్మూర్. నిజామాబాద్ యార్డులో 'కాడి', 'మండ' అనేవాటిని దుగ్గిరాల యార్డులో 'కొమ్ము', 'కాయ' అంటారు. వ్యవసాయ శాస్త్రవేత్తలు వీటిలో ఒకదాన్ని 'అసలు పసుపు' అనీ, మిగతావాటిని దాని 'ప్రాంతీయ భేదాలు' అనీ అనరు. అన్నీ రకాలే. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం ఇదే చూపుతో, జిల్లా జిల్లా తిరిగి రైతుల మాటలు ఏరింది. నాగలి భాగాలకు ఎక్కడ ఏమంటారో పక్కపక్కన పెట్టింది, ఏది ఒప్పో చెప్పకుండా. కానీ ఈ పోలిక కూడా కొంతదూరమే వస్తుంది. పసుపు కొమ్ముకు సిగ్గు ఉండదు. ఆర్మూర్ పసుపు దుగ్గిరాల పసుపులా కనపడాలని కోరుకోదు. మనిషి కోరుకుంటాడు. మా అమ్మ నన్ను చిన్నప్పుడు "మంచి తెలుగు మాట్లాడు" అని తొడ మీద గిల్లేది. తనకు దొరకనిది నాకు దొరకాలని. ఆ కోరికను బానిసత్వం అని కొట్టిపారేసే హక్కు, దాని వల్లే ఈ వ్యాసం రాయగలుగుతున్న నాకు లేదు.

ఇన్ని తిరిగి నేను చేరింది చిన్న చోటికే. ఎవరి మాటనైనా అచ్చులో పెట్టేటప్పుడు, అది ఏ తెలుగులో ఉండాలన్నది రాసేవాడు ఒక్కడే తేల్చే సంగతి కాదు. ఆ మాట అన్న మనిషి దాన్ని విని, ఇది నాదే అనాలి. ఆ మనిషికి తన మాటను పుస్తకాల తెలుగులో చూసుకునే హక్కు కూడా ఉంది, తన యాసలో చూసుకునే హక్కూ ఉంది. అడగకుండా సరిదిద్దడమూ, అడగకుండా 'సహజంగా' ఉంచడమూ రెండూ ఒకే తప్పు. రెండింటిలోనూ ఆయన నోరు నా చేతిలోనే ఉంటుంది.

ఆ వెబ్ పత్రిక వాళ్లు మార్పు చేయడానికి ఒప్పుకున్నారు. ఈసారి రికార్డింగ్ చూసి మళ్లీ రాసుకుని, ఊరికి పోయి, అచ్చు కాకముందే చదివి వినిపించాను. కలెక్టర్ ఊరికొచ్చిన సంగతి దగ్గర పెద్దబాపు చెయ్యెత్తి ఆపాడు.

"సారు అచ్చిండు అని రాయకు. వచ్చారు అని రాయి. పెద్దసారు కద."

"నువ్వు అచ్చిండు అనే అన్నవ్ పెద్దబాపు."

"అంటి. నీతోని అంటి. పేపర్ల రాస్తవని తెలిస్తె వచ్చారు అందును."

మార్చాను. తర్వాత కాంటా వాక్యం చదివాను. 'సాదినం', 'ఎవలిదో అయితది', అన్నీ ఉన్నవున్నట్టు. ఈసారి ఎవరన్నారని అడగలేదు. కాసేపు ఏమీ అనలేదు కూడా. వాకిట్లో ఎండబోసిన పసుపు కాడ్లను ఒకసారి కాలితో కదిపి వచ్చి కూర్చున్నాడు.

"ఇది చదివెటోళ్లు నవ్వరు కద?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మీరెవరో నాకు తెలియదు. నవ్వరని అనుకుంటున్న అన్నాను.

"అయితె గట్లనే ఉండనియ్" అన్నాడు.